సబ్బు బీరువాలో, పిల్లలు కుళాయి దగ్గర

2008 నుంచి ఏటా అక్టోబరు 15న ప్రపంచ చేతుల శుభ్రత దినం జరుగుతోంది. ఆ రోజు మన బళ్లలో బ్యానరు కడతారు, పిల్లలను వరసగా నిలబెట్టి నురగ చేతులతో ఫొటోలు తీస్తారు, ప్రతిజ్ఞ చేయిస్తారు. మర్నాడు మధ్యాహ్నం భోజనం గంట కొట్టాక అదే కుళాయి దగ్గర నిలబడి చూస్తే చాలా బళ్లలో సబ్బు కనిపించదు. ఉన్న సబ్బు హెచ్ఎం గదిలో, బీరువాలో భద్రంగా ఉంటుంది.

చేతులు ఎప్పుడు కడుక్కోవాలో, ఎందుకు కడుక్కోవాలో మూడో తరగతి పిల్లను అడగండి. తడుముకోకుండా చెబుతుంది. తెలియక కడుక్కోవడం లేదనుకుని మనం మళ్లీ మళ్లీ అదే పాఠం చెబుతున్నాం. వాళ్లకు తక్కువైంది తెలివిడి కాదు. కుళాయి దగ్గర సబ్బు, చాలినన్ని నీటి ధారలు, భోజనానికి ముందు పది నిమిషాల సమయం, పక్కన నిలబడే పెద్దమనిషి. ఈ నాలుగూ లేని బడిలో ఎంత గొప్ప పాఠం చెప్పినా అది నోటిమాటగానే మిగిలిపోతుందని నేను గట్టిగా నమ్ముతాను.

ఇందుకు మన దగ్గరే ఒక మంచి రుజువు ఉంది. చిత్తూరు జిల్లాలో 14 పల్లెలు ఎంచుకుని, సగం పల్లెల్లో ‘సూపర్ అమ్మ’ అనే ప్రచారం నడిపి చూశారు. ఫలితాలు 2014లో లాన్సెట్ గ్లోబల్ హెల్త్ పత్రికలో వచ్చాయి. ప్రచారానికి ముందు, సబ్బుతో చేతులు కడుక్కోవాల్సిన సందర్భాలు వంద ఉంటే నిజంగా కడుక్కున్నది ఒకటి రెండు సార్లే. ఆ ప్రచారంలో క్రిముల గురించి, రోగాల గురించి పాఠాలు లేవు. పిల్లల్ని పద్ధతిగా పెంచే తల్లి ఒక పక్క, మురికి చేతులతో లడ్డూలు చుట్టే లడ్డూ లింగం అనే పాత్ర ఇంకో పక్క. ఒకరిని చూస్తే గౌరవం, ఇంకొకరిని చూస్తే అసహ్యం పుట్టాలి, అంతే. ఆరు నెలలకు ఆ పల్లెల్లో సబ్బుతో కడుక్కోవడం 37 శాతానికి చేరింది. ప్రచారం జరగని పల్లెల్లో 6 శాతం దగ్గరే ఉంది. అంత శ్రద్ధగా చేసిన పనికి కూడా మూడింట రెండు సందర్భాలు తప్పిపోయాయి. మాటతోనే అలవాటు పడిపోతుందని ఆశ పెట్టుకునేవాళ్లు ఆ అంకెను గుర్తుంచుకోవాలి.

ఇక బడి దగ్గరికి వద్దాం. గంట కొట్టగానే పిల్లలు బ్యాగులోంచి కంచం తీసుకుని కుళాయి దగ్గరికి పరుగెడతారు. ఎడమచేతిలో కంచం ఉంటుంది. దాన్ని ధార కింద ఒకసారి తిప్పి, ఆ నీళ్లలోనే కుడిచేయి తడిపి, నిక్కరుకో గౌనుకో తుడుచుకుంటూ అన్నం వరసలోకి వెళ్లిపోతారు. ఇదంతా నాలుగైదు సెకన్లలో అయిపోతుంది. రెండో చేయి ఖాళీ లేనప్పుడు ఏ చేయీ శుభ్రంగా కడగడం కుదరదు. అరచేతిని అరచేయే రుద్దాలి, వేళ్ల సందుల్లోకి వేళ్లే వెళ్లాలి. అందుకే ఏ బడిలోనైనా మొట్టమొదట మార్చాల్సింది కంచం సంగతి. కంచాలన్నీ ముందే కడిగి వడ్డించే బల్ల దగ్గర బోర్లించి పెట్టాలి. చేతులు కడుక్కున్నాకే కంచం చేతికి రావాలి. ఇందుకు పైసా ఖర్చు లేదు.

రెండోది లెక్క. 120 మంది పిల్లలు, ఆరు కుళాయిలు ఉన్న బడి అనుకుందాం. ఒక్కో కుళాయికి 20 మంది. తడిపి, సబ్బు రాసి, రుద్ది, కడిగేసరికి మనిషికి 45 సెకన్లు పడుతుంది. అంటే చివరి పిల్లవాడి వంతు వచ్చేసరికి పావుగంట. ఆకలితో ఉన్న పిల్లలు పావుగంట వరసలో నిలబడరు. తోసుకుంటారు, చేయి తడిపి జారుకుంటారు. దాన్ని అల్లరి అని మనం అరుస్తాం గానీ, ఆ తోపులాటకు కారణం కుళాయిల లెక్కే.

దీనికి చవకైన మందు చిల్లుల పైపు. 20 అడుగుల అంగుళం పీవీసీ పైపు తీసుకుని, అడుగున్నర దూరానికి ఒకటి చొప్పున పన్నెండు చోట్ల మూడు మిల్లీమీటర్ల రంధ్రాలు వేయాలి. రంధ్రాలు కిందికి చూడాలి. ఒక కొస ట్యాంకు నుంచి వచ్చే గొట్టానికి, మధ్యలో ఒక వాల్వు. రెండో కొసకు అంటించని మూత. ఈ మూత అంటించేస్తే ఆరు నెలల్లో పైపు పనికిరాకుండా పోతుంది, ఎందుకంటే బోరు నీళ్లలోని సున్నం, ఇసుక, నాచు అన్నీ చివర పేరుకుని రంధ్రాలు మూసుకుపోతాయి. వారానికోసారి మూత తీసి నీళ్లు వదిలి, రంధ్రాలను చీపురుపుల్లతో పొడవాలి. పైపు కింద నీళ్లు పోవడానికి గచ్చు కాలువ ఉండాలి. లేకపోతే బురద తయారవుతుంది. బురద తొక్కుతూ ఎవరూ అక్కడ నిలబడరు. ఆ కాలువను కాస్త దూరం తీసుకెళ్లి అరటి మొక్కలకో కూరపాదులకో వదిలితే ఆ నీళ్లూ వృథా కావు.

ఎత్తు విషయంలో మాత్రం రాజీ పడకూడదు. ఒకటో తరగతి పిల్ల మోచేతి ఎత్తుకు మించి పైపు ఉంటే, చేతులెత్తి కడుక్కునేటప్పుడు నీళ్లు ముంజేతి మీదుగా చొక్కాలోకి కారుతాయి. చొక్కా తడుస్తుందని రెండో రోజు నుంచి ఆ పిల్ల అక్కడికి రాదు. పెద్దపిల్లలు వంగి కడుక్కోగలరు, చిన్నపిల్లలు పెరిగి కడుక్కోలేరు కదా.

పైపుకు రెండు వైపులా ఎదురెదురుగా నిలబడితే ఒకేసారి 24 మంది. ఐదు విడతల్లో 120 మందీ అయిపోతారు, ఐదారు నిమిషాల పని. వాల్వు దగ్గర ఒక పెద్ద పిల్లనో ఆయానో నిలబెట్టాలి. తడపడానికి ఐదు సెకన్లు తిప్పాలి, కట్టేయాలి. రుద్దుతున్నంతసేపూ నీళ్లు ఉండకూడదు. చివర పదిహేను సెకన్లు మళ్లీ వదలాలి. ట్యాంకు ఆరేడు అడుగుల ఎత్తులో ఉంటే బడి మొత్తానికి యాభై లీటర్ల లోపే సరిపోతాయి. అదే ఒక్కొక్కరూ కుళాయి పూర్తిగా తిప్పి 45 సెకన్లు వదిలేస్తే ఆరేడు వందల లీటర్లు పోతాయి. ఎండాకాలంలో బోరు ఎండిపోయే ఊళ్లలో ఈ తేడా చిన్నది కాదు. వాల్వు తిప్పేది ఒకరే కావడంలో ఇంకో మేలుంది. మురికి చేత్తో తిప్పిన కుళాయినే కడిగిన చేత్తో మళ్లీ పట్టుకునే బాధ తప్పుతుంది.

సబ్బు గురించి కాస్త వివరంగా చెప్పాలి. ఎక్కువ బళ్లలో పని ఆగిపోయేది ఇక్కడే.

నీళ్లతో కడిగితే చాలదా అని చాలామంది అడుగుతారు. లండన్‌లో చేసి 2011లో ప్రచురించిన ఒక పరిశోధనలో, బహిరంగ స్థలాల్లో తిరిగిన మనుషుల చేతుల మీద మలం నుంచి వచ్చే రకం బ్యాక్టీరియా ఉందో లేదో చూశారు. కడగని చేతుల్లో 44 శాతం, ఉత్త నీళ్లతో కడిగిన వాటిలో 23 శాతం, సబ్బుతో కడిగిన వాటిలో 8 శాతం. నీళ్లు సగం పని చేస్తాయి, మిగతా పనికి సబ్బు కావాలి. చర్మం మీది జిడ్డుకు క్రిములు అతుక్కుని ఉంటాయి. నీళ్లు ఆ జిడ్డు మీదుగా జారిపోతాయి. సబ్బు జిడ్డును పట్టి వదులు చేస్తుంది, రుద్దుడు దాన్ని లేపుతుంది, ఆఖర్న పోసే నీళ్లు కొట్టుకుపోయేలా చేస్తాయి. మూడింట్లో ఏది తగ్గినా పని సగంలో ఆగినట్టే. క్రిములను చంపే సబ్బు అని ఎక్కువ డబ్బు పెట్టక్కర్లేదు. కరాచీ పేటల్లో జరిగి 2005లో లాన్సెట్‌లో వచ్చిన పరిశోధనలో, సబ్బు ఇచ్చి చేతులు కడుక్కోవడం అలవాటు చేసిన ఇళ్లలో పదిహేనేళ్లలోపు పిల్లల విరేచనాలు సుమారు సగానికి తగ్గాయి. మామూలు సబ్బుకూ యాంటీబ్యాక్టీరియల్ సబ్బుకూ ఫలితంలో తేడా లేదు.

మరి సబ్బు బయట పెడితే? బిళ్ల పెట్టినరోజే మాయమవుతుంది. పిల్లలు ఎత్తుకుపోతారని అంటారు గానీ, కాకులు ఎత్తుకుపోయేవీ తక్కువ కాదు, కోతులున్న ఊళ్లో చెప్పనక్కర్లేదు. ఉన్న బిళ్ల నీళ్లలో నాని జావైపోతుంది. ఉల్లిపాయల వలసంచిలో బిళ్ల వేసి పైపుకు కట్టడం ఒక పద్ధతి. వలతో సహా చేతుల మధ్య రుద్దుకోవచ్చు, నీళ్లు కారిపోయి బిళ్ల ఆరుతుంది. పదీ పదిహేను మంది ఉన్న చిన్న బడికి ఇది బాగుంటుంది.

పెద్ద బడికి నేను సబ్బునీళ్ల సీసానే సిఫారసు చేస్తాను. బంగ్లాదేశ్‌లో పరీక్షించి వాడిన కొలత ఇది: లీటరున్నర నీళ్లకు 30 గ్రాముల బట్టల సబ్బుపొడి. మూత బిగించి గిలక్కొట్టాలి. వేడిచేసిన మేకుతో మూతకు ఒక్క రంధ్రం చేసి, సీసాను తలకిందులుగా నొక్కితే ఒక చెంచా, అంటే ఐదు మిల్లీలీటర్లు అరచేతిలో పడాలి. లీటరున్నర సీసా 300 కడుగుళ్లకు వస్తుంది. 120 మందికి రోజుకు రెండేసి సార్లంటే 240. ఒక సీసా ఒక రోజుకు సరిపోయి కాస్త మిగులుతుంది. కిలో పొడి 33 సీసాలకు వస్తుంది. కిలో వంద రూపాయలనుకున్నా రోజుకు మూడు రూపాయలు. ఏడాదికి 220 పనిదినాలు వేసుకుంటే 660 రూపాయలు. సమగ్ర శిక్షా కింద బడికి వచ్చే గ్రాంటులో కనీసం పది శాతం స్వచ్ఛతకు ఖర్చు పెట్టాలన్న నిబంధన ఉండగా, ఈ 660 రూపాయలు లేవంటే నేను ఒప్పుకోను.

సబ్బుపొడికి ఇంకో గుణం ఉంది. తెలంగాణలో, రాయలసీమలో చాలా ఊళ్ల బోరునీళ్లలో ఒంటిసబ్బు నురగరాదు, తెల్లటి తెట్టు కడుతుంది. నురగ లేకపోతే పిల్లలు సబ్బు పనిచేయలేదనుకుని మానేస్తారు. బట్టలపొడి ఆ నీళ్లలోనూ నురగనిస్తుంది. జాగ్రత్తలు మూడే. కూల్‌డ్రింకు సీసా అయితే లేబుల్ పీకేసి, రంగు పూసి, పైపుకు తాడుతో కట్టేయాలి, లేకపోతే చిన్నపిల్లలు తాగే ప్రమాదం ఉంది. మిగిలిన దాంట్లోనే కొత్త నీళ్లు పోసుకుంటూ పోకూడదు. సీసా ఖాళీ చేసి, కడిగి, కొత్తగా కలపాలి. చేతులకు గజ్జి, పగుళ్లు ఉన్న పిల్లలకు వేరుగా ఒంటిసబ్బు ఇవ్వాలి.

ఇప్పుడు కడిగే తీరు. గోడల మీద కనిపించే ఆరు అంచెల బొమ్మలు ఆసుపత్రి సిబ్బంది కోసం పుట్టినవి. అరచేతులతో మొదలై, చేతుల పైభాగం, వేళ్ల సందులు, వేళ్ల వెనకలు, బొటనవేళ్లు, చివరికి వేళ్ల కొసలు. ఆసుపత్రిలో ఆ వరస తప్పనను. మన బడిలో మాత్రం అది తిరగేయాలన్నది నా గట్టి అభిప్రాయం. ఏడేళ్ల పిల్లవాడికి మొదటి రెండు అంచెలయ్యేసరికే ఓపిక అయిపోతుంది. అంటే అరచేయి మెరుస్తుంది, గోళ్లు, బొటనవేలు అలాగే ఉంటాయి. మనం అన్నం తినేది వేళ్ల కొసలతో. పప్పన్నం కలిపేవి ఆ కొసలు, ముద్దను నోట్లోకి తోసేది బొటనవేలు. గుడ్డు పెంకు వలిచేది గోళ్లతో. 1978లో నర్సుల చేతులను పరీక్షించినప్పుడు కూడా ఎక్కువగా తప్పిపోయిన చోట్లు బొటనవేలు, వేళ్ల కొసలు, వేళ్ల సందులే. శిక్షణ పొందిన నర్సులే వదిలేసిన చోట్లు పిల్లలకు చివర్లో చెబితే ఎలా?

అందుకే వరస ఇలా నేర్పండి. తడిపి, సబ్బునీళ్లు పోసుకుని, ఒకసారి అరచేతులు కలిపి నురగ తెచ్చుకోవాలి. వెంటనే కుడిచేతి ఐదు వేళ్ల కొసలూ దగ్గరకు చేర్చి ఎడమ అరచేతిలో గుండ్రంగా గోకాలి. గోళ్లలోకి నురగ దూరాలి. తర్వాత ఎడమచేతి వేళ్లు. ఆ తర్వాత బొటనవేలును రెండో చేతి పిడికిట్లో పెట్టి మెలితిప్పాలి, రెండు వైపులా. ఆపైన వేళ్ల సందులు, చేతుల పైభాగం, మణికట్టు. ఓపిక ఎక్కడ అయిపోయినా ముఖ్యమైన చోట్లు అప్పటికే పూర్తయి ఉంటాయి. ఎడమచేత్తో తినం కదా అని దాన్ని వదిలేసే పిల్లలు చాలామంది. కడుక్కున్నాక ఆ ఎడమచేయే నీళ్ల గ్లాసు పట్టుకుంటుంది, పక్కవాడి భుజం పట్టుకుంటుంది, కుడిచేతికి తగులుతూనే ఉంటుంది.

రుద్దడం ఇరవై సెకన్లు ఉండాలి. ఇరవై అంకెలు లెక్కపెట్టమంటే పిల్లలు ఏడు సెకన్లలో ముగిస్తారు. ఎక్కం చెప్పించండి. రెండో ఎక్కం పది దాకా రాగం తీస్తూ అందరూ కలిసి చెబితే ఇంచుమించు ఆ సమయం పడుతుంది. ముందు ఒకసారి గడియారం పెట్టి చూసి, తక్కువైతే మూడో ఎక్కం సగం కలపండి. గుంపుగా చెబుతున్నప్పుడు ఒక్కడు మధ్యలో వెళ్లిపోలేడు. గుంపుగా కడిగించడంలో నాకు నచ్చే బలం అదే.

సబ్బు బలం చూపడానికి టీచర్లు ఇష్టంగా చేసే ప్రయోగం ఒకటుంది: నీళ్ల పళ్లెంలో మిరియాలపొడి చల్లి, సబ్బు రాసిన వేలు ముంచితే పొడి అంచులకు పరుగెత్తుతుంది. పిల్లలు చప్పట్లు కొడతారు. దయచేసి అది మానేయండి. అక్కడ జరిగింది నీటి ఉపరితల బిగువు తగ్గడం. క్రిములు అలా పారిపోవు. అది చూసిన పిల్లవాడికి మనసులో నాటుకునేది సబ్బు తగిలిస్తే చాలు, రుద్దక్కర్లేదని. మనం నేర్పాలనుకున్నదానికి పూర్తిగా ఎదురు.

దానికి బదులు మన వంటింట్లో ఉన్న పసుపు చాలు. పావు చెంచా పసుపు నాలుగు చుక్కల నీళ్లతో కలిపి చేతులకు పల్చగా, గోళ్ల దాకా పూయించండి. కాస్త ఆరాక మామూలు ఒంటిసబ్బు బిళ్లతో, ఎప్పుడూ కడిగినట్టే కడగమనండి. నీళ్లు పోయకముందే ఆపి, నురగ పక్కకు జరిపి చూడండి. ఒంటిసబ్బుకు క్షారగుణం ఉంది కాబట్టి అది తగిలిన చోట పసుపు ఎర్రబారుతుంది. పారాణి ఎర్రబడేదీ ఇందుకే, అక్కడ సున్నం చేసే పని ఇక్కడ సబ్బు చేస్తుంది. పచ్చగా మిగిలిన చోటంతా సబ్బు తగలని చోటు. బొటనవేలి వెనక, గోళ్ల మొదళ్లు, చిటికెన వేలి పక్క, పిల్లలే వేలెత్తి చూపుకుంటారు. సీసాల్లో దొరికే హ్యాండ్‌వాష్‌లో చాలావాటికి క్షారగుణం ఉండదు, వాటితో రంగు మారదు. చేతులకు పసుపు ఒకరోజు ఉంటుందని ఇళ్లలో ముందే చెప్పి చేయించండి.

కడిగాక ఏం జరుగుతుందో కూడా చూసుకోవాలి. తడిచేయి పొడిచేతి కంటే తేలిగ్గా క్రిములను అంటించుకుంటుంది. అందరికీ ఒకే తువ్వాలు పెట్టడం కంటే చేతులు గట్టిగా విదిలించి గాలికి ఆరనివ్వడం మేలు. కడిగే వరస నేరుగా వడ్డించే వరసలోకి కలవాలి. మధ్యలో తరగతి గదికి వెళ్లొస్తే తలుపు, బ్యాగు, చెప్పులు అన్నీ తగులుతాయి. కింద కూర్చునేటప్పుడు నేలకు చేయి ఆనించకుండా కూర్చోవడం కూడా నేర్పాల్సిందే. శానిటైజర్ భోజనానికి ముందు వద్దు. మట్టి, జిడ్డు ఉన్న చేతుల మీద అది సరిగా పనిచేయదు, నులిపురుగుల గుడ్లను వదిలించదు.

ఆ గుడ్ల మాట వచ్చింది కాబట్టి చెబుతున్నాను. ఫిబ్రవరి 10న, ఆగస్టు 10న బళ్లలో ఆల్బెండజోల్ మాత్ర ఇస్తున్నాం. ఆ మాత్ర కడుపులో ఉన్న పురుగులకు పనిచేస్తుంది. రేపు గోళ్ల మట్టితో లోపలికి వెళ్లే గుడ్లను అది ఆపదు. సోమవారం ప్రార్థనలో గోళ్లు చూడండి, బడిలోనే ఒక నెయిల్ కట్టర్ పెట్టి అక్కడే తీయించండి. స్కేలుతో వేళ్ల మీద కొట్టడం వద్దు. దెబ్బకు భయపడి చేతులు దాచుకోవడం తప్ప వాళ్లు నేర్చుకునేది ఏమీ ఉండదు.

మరుగుదొడ్డి దగ్గర గుంపు పద్ధతి కుదరదు, పిల్లలు ఒక్కొక్కరుగా వెళ్తారు. అక్కడ దూరమే సమస్య. తలుపు నుంచి నాలుగు అడుగుల్లో నీళ్లు, సబ్బు కనబడకపోతే నేరుగా తరగతికి వెళ్లిపోతారు. బంగ్లాదేశ్‌లో రెండు ప్రాథమిక బళ్లలో మరుగుదొడ్డి నుంచి కుళాయి దాకా గచ్చు బాట వేసి, దాని మీద పాదాల గుర్తులు, కుళాయి దగ్గర అరచేతుల గుర్తులు రంగుతో వేశారు. పాఠం ఏమీ చెప్పలేదు. సబ్బుతో కడుక్కోవడం 4 శాతం నుంచి మర్నాటికే 68కి, ఆరు వారాలకు 74 శాతానికి చేరింది. బాట ముందే ఉంటే ఒక డబ్బా పెయింటు, ఒక పూట పని. ఆడపిల్లల మరుగుదొడ్డిలో మాత్రం సబ్బు, నీళ్లు లోపల కూడా ఉండాలి. నెలసరి రోజుల్లో బయటికొచ్చి కడుక్కోమనడం తగదు.

ఇదంతా నడుస్తోందో లేదో పిల్లలను అడిగి తెలుసుకోవద్దు. అందరూ కడుక్కున్నామనే చెబుతారు. ఎవరైనా చూస్తున్నారని తెలిస్తే అందరూ కడుక్కుంటారు కూడా. సీసా మీద మార్కర్‌తో అడ్డగీతలు గీసి, పొద్దున ఎంత ఉంది, సాయంత్రం ఎంత ఉంది రాసుకోండి. 120 మంది బడిలో రెండు పూటలకు 1.2 లీటర్లు దిగాలి. అర లీటరే దిగితే సగానికి పైగా పిల్లలు తప్పుతున్నారు, వరస ఎక్కడ తెగుతోందో ఆ మధ్యాహ్నమే వెళ్లి చూడాలి. సాయంత్రం కాకముందే సీసా మొత్తం ఖాళీ అయితే రంధ్రం పెద్దదైంది, మూత మార్చాలి.